నెత్తురుకు నేసిన దారి

రాత్రి రెండు గంటలు. షెడ్డులో ఎనిమిది సాంచెలు (మరమగ్గాలు) ఒకేసారి ఆడుతున్నాయి. వాటి మధ్య సందులో ఒక మనిషి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతున్నాడు. పడుగులో పోగు తెగినచోట వంగుతాడు, రెండు కొసలు పట్టుకుని ముడి వేస్తాడు, సాంచె మళ్లీ ఆడిస్తాడు. మళ్లీ నడక. నాలుగో సాంచె దగ్గర హఠాత్తుగా ఆగిపోయాడు. అక్కడ పోగేమీ తెగలేదు. పిక్క పట్టేసింది.

“ఏమైంది బావా, నిలవడ్డవ్?”

“ఏం లేదు. పిక్క గుంజుతంది. జర నిలవడితె పోతది.”

“మొన్న గూడ గిట్లనే అన్నవ్. నరాల వీక్‌నెస్ గావచ్చు. బలం సూది ఏపిచ్చుకో.”

నిజంగానే పోయింది. రెండు నిమిషాలు గోడకు ఆనుకుంటే నొప్పి ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది. అతను బయటికెళ్లి ఒక బీడీ కాల్చి వచ్చాడు.

ఈ షెడ్డు సూరత్‌లోది. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల్లో చేమగ్గం కూడు పెట్టడం మానేశాక పద్మశాలీలు ఎందరో ఈ ఊరి బాట పట్టారు. లింబాయత్, ఉధనా గల్లీల్లో తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. వరంగల్‌లో నవజీవన్ ఎక్కితే తిన్నగా సూరత్‌లో దిగొచ్చు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరుకింత అని కూలి.

అతనికి పేరు పెట్టడం లేదు. అతను ఒక్కడు కాడు. యాభై దాటిన, ముప్పై ఏళ్లుగా బీడీ మానని, ఇలాంటి షెడ్లలో నడిచే పలువురిని కలిపి అల్లుకున్న మనిషి. ఈ కథలో ఊహ అంతవరకే. ఇకపై లియోన్, పారిస్, హూస్టన్, పోర్ట్‌లాండ్ నగరాల్లో కనిపించే మనుషులు మాత్రం నిజంగా బతికినవాళ్లు. వాళ్లు చేసిన పనులు వైద్య చరిత్రలో నమోదై ఉన్నాయి. వాళ్లకూ ఈ సాంచెల మనిషికీ మధ్య ఒక దారప్పోగు ఉంది. ఆ పోగు పట్టుకుని పోదాం.

బీడీ కట్ట, బిగుసుకున్న పిక్క

ముందు ఆ బీడీ సంగతి. అందులోని పొగాకు గుజరాత్‌లోనే, చరోతర్ నేలలో పండి ఉండొచ్చు. ఆకు అడవుల్లో కోసిన తునికాకు. చుట్టింది ఊళ్లో అతని అక్కో వదినో కావచ్చు. సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ వైపు మగవాళ్లు సాంచె మీద, ఆడవాళ్లు బీడీల చాట ముందు కూర్చోవడం తరాలుగా ఉన్నదే. చాటలో మొదలైన ఆ పొగ చివరికి చేరేది కాలి ధమనుల్లోకి.

గుండె నుంచి దిగే పెద్ద ధమని బొడ్డు దగ్గర రెండు పాయలై చెరో కాలికీ పోతుంది. పొగ, షుగరు, బీపీ, కొవ్వు కలిసి ఆ గొట్టాల లోపలి గోడకు ఏళ్ల తరబడి గార పూస్తాయి. కూర్చున్నప్పుడు కండరానికి కొద్ది నెత్తురు చాలు. నడిచేటప్పుడు దానికి ఎన్నో రెట్లు కావాలి. సన్నబడిన గొట్టం అంత ఇవ్వలేదు. పిక్క ఊపిరాడనట్టు బిగుసుకుంటుంది. ఆగితే అవసరం తగ్గి నొప్పి పోతుంది. నడిస్తే వచ్చి నిలబడితే పోయే నొప్పి ‘నరాల వీక్‌నెస్’ కాదు. దానికి బలం సూది మందూ కాదు.

రెండో మెట్టులో నొప్పి రాత్రి పడుకున్నప్పుడే వస్తుంది. మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే కొంచెం నయమనిపిస్తుంది. గుండె తోయలేని నెత్తురును భూమి లాగుతోందని అర్థం. మూడో మెట్టులో చిన్న పుండు మానదు, వేలు నల్లబడుతుంది. ఈ మెట్లన్నిటినీ ముందే పట్టుకునే పరీక్ష ఖరీదైనది కాదు. బీపీ పట్టీ, నెత్తురు పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ యంత్రం ఉంటే చాలు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు. 0.9 కంటే తక్కువ వస్తే దారిలో ఎక్కడో అడ్డుందన్నమాట. 0.4 కిందికి దిగితే కాలు ప్రమాదంలో ఉన్నట్టు.

సాంచెల మనిషి ఏడాదిపాటు బామ్ రాశాడు, పట్టీ కట్టాడు, కొత్త చెప్పులు కొన్నాడు. నాలుగో సాంచె దగ్గర పట్టే పిక్క రెండో సాంచె దగ్గరే పట్టసాగింది. తొడలూ పిరుదులూ కూడా లాగడం మొదలైంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, భార్యతో తప్ప ఎవరితోనూ చెప్పుకోలేనిది. ఫ్రాన్స్‌కు చెందిన సర్జన్ రెనే లెరీష్ 1940లో ఈ లక్షణాలన్నిటినీ ఒక గుంపుగా కట్టి, ఇవన్నీ కలిసి కనిపిస్తే అడ్డు కాలిలో కాదు, కడుపులోనే ధమని చీలే చోట ఉందని చెప్పాడు. ఆ జబ్బుకు నేటికీ ఆయన పేరే.

కాలు ఇవ్వనన్న ముసలమ్మ

1964 జనవరి. అమెరికాలోని పోర్ట్‌లాండ్. లారా షా అనే 82 ఏళ్ల వృద్ధురాలు ఆస్పత్రి మంచం మీద ఉంది. పాదం మీద మానని పుండు, కుళ్లిన వేళ్లు. కాలు తీసెయ్యడమే మార్గమని సర్జన్లు తేల్చారు. ఆమె ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

వేరే దారిలేక ఆమెను చూడమని చార్లెస్ డాటర్‌ను పిలిచారు. ఆయన సర్జన్ కాదు, ఎక్స్‌రేలు చూసే రేడియాలజిస్టు. పర్వతాలెక్కే సరదా, గిటార్ తీగల్లాంటి వస్తువులతో సొంతంగా పరికరాలు చేసుకునే అలవాటు. ‘క్రేజీ చార్లీ’ అని పేరు. అంతకు ముందటి ఏడాది ఒక రోగికి పరీక్ష చేస్తూ ఆయన గొట్టాన్ని లోపలికి తోస్తుంటే, మూసుకుపోయిన ధమనిలోంచి అది అనుకోకుండా దూసుకుపోయింది. అనుకోకుండా తెరుచుకున్న దారిని అనుకుని తెరవొచ్చు కదా అన్న ఆలోచన అప్పటినుంచీ ఆయన్ని వదల్లేదు.

జనవరి 16న లారా షా తొడ ధమనిలోకి ఒక సన్నని తీగ పంపాడు. అడ్డు పొట్టిగా, ఒక్కచోటే ఉంది. తీగ దాన్ని దాటింది. దాని మీదుగా ఒక టెఫ్లాన్ గొట్టం, ఆ గొట్టం మీదుగా ఇంకొంచెం లావు గొట్టం తొడిగి దారి వెడల్పు చేశాడు. కోత లేదు, కుట్టు లేదు. చల్లగా ఉన్న పాదం వెచ్చబడింది. వారంలోగా నొప్పి పోయింది. తర్వాత ఆమె రెండేళ్లకు పైగా బతికింది. పోయేదాకా సొంత కాళ్ల మీదే నడిచింది.

ఊళ్లోని సర్జన్లకు ఇది మింగుడుపడలేదు. ఒక రోగిని ఆయన దగ్గరికి పంపుతూ, చూసి చెప్తే చాలు, బాగుచెయ్యబోవద్దని చీటీ మీద రాసినవాళ్లూ ఉన్నారు. పదేళ్ల తర్వాత, 1974లో, జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ అదే దారిని బెలూన్‌తో విప్పాడు. వంటింటి బల్ల మీద బెలూన్లు తయారుచేసుకున్న మనిషి ఆయన. ఉబ్బినప్పుడు బెలూన్ అడ్డదిడ్డంగా సాగకుండా పట్టుకోవడానికి మొదట్లో ఆయన వెతుక్కుంటూ పోయింది బూట్ల లేసులు అల్లే కార్ఖానా వాళ్ల దగ్గరికి, పట్టు అల్లిక కోసం.

మన పోగు మొదటిసారి ఇక్కడ కనిపించింది. నిజానికి అది అంతకు డెబ్బై ఏళ్ల ముందే వైద్యంలోకి వచ్చింది.

లియోన్‌లో ఎంబ్రాయిడరీ పాఠం

సూరత్‌కు జరీ ఎట్లాగో ఫ్రాన్స్‌లో లియోన్‌కు పట్టు అట్లాగ. 1894 జూన్‌లో ఆ ఊరికొచ్చిన ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నోను ఒకడు కత్తితో పొడిచాడు. కడుపులో పెద్ద సిర తెగింది. సర్జన్లు చుట్టూ నిలబడ్డారు, కానీ తెగిన రక్తనాళాన్ని నమ్మకంగా కుట్టే పద్ధతి అప్పటికి లేదు. ఆయన చనిపోయాడు.

అదే ఊళ్లో పట్టు వ్యాపారి ఇంట పుట్టిన 20 ఏళ్ల కుర్రవాడు అలెక్సిస్ కారెల్ అప్పుడు వైద్యం చదువుతున్నాడు. బట్ట చిరిగితే కుట్టే ఊళ్లో రక్తనాళం తెగితే కుట్టలేకపోవడం అతనికి నచ్చలేదు. మేడం లెరూడియే అనే ఎంబ్రాయిడరీ పనిమంతురాలి దగ్గరికి వెళ్లి సన్నని సూది, సన్నని పట్టు దారం పట్టడం నేర్చుకున్నాడు. దారానికీ సూదికీ వాజ్‌లీన్ పూసి వాడాడు. గుండ్రటి గొట్టం అంచును మూడుచోట్ల పట్టి లాగితే త్రికోణమవుతుంది. అప్పుడు కుట్టు తిన్నగా వేయొచ్చు. 1902లో ఆ పద్ధతి అచ్చయింది. 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ ఏ దేశంలో ఏ సర్జన్ రక్తనాళం కుట్టినా, ఆ చేతి వెనక ఆ కుట్టుపని ఆవిడ చెయ్యి ఉంది.

కుట్టడం వచ్చాక దారి బాగుచేయడం మొదలైంది. 1946 ఆగస్టులో లిస్బన్‌లో జొవావో సిద్ దోస్ శాంటోస్ మూసుకుపోయిన ధమనిని కోసి, లోపలి గారను ఒలిచి తీసేశాడు. గజ్జ దగ్గరి అడ్డుకు ఈ ఒలిచే ఆపరేషన్ ఇప్పటికీ మొదటి వరసలోనే ఉంది.

రెండేళ్ల తర్వాత పారిస్. లెరీష్ చేతుల మీదుగా ఒక 54 ఏళ్ల మనిషికి చేయగలిగిందంతా చేశారు. నరాలు కత్తిరించారు, మూసుకుపోయిన ధమని ముక్కనే తీసేశారు. పాదం కుళ్లు మానలేదు. 1948 జూన్ 3న లెరీష్ శిష్యుడు జాన్ కున్‌లాన్ ఆ మనిషి కాలి నుంచే, చర్మం కింద ఉండే పొడవాటి సిరను తీశాడు. సిరలో చిన్న చిన్న తలుపులుంటాయి. అవి నెత్తురును పైకే పోనిస్తాయి, కిందికి రానివ్వవు. కాబట్టి సిరను తలకిందులు చేయాలి. కున్‌లాన్ అట్లాగే తిప్పి, పై కొసను అడ్డుకు ఎగువన, కింది కొసను అడ్డుకు దిగువన ధమని పక్కకు కుట్టాడు. పాత దారి మూసే ఉంది, నెత్తురు పక్క దారిన పోయింది. పుండు మానింది. ఊరికి బైపాస్ రోడ్డు వేసినట్టు కాలికి వేసిన మొదటి పెద్ద బైపాస్ ఇది. ఆ పద్ధతి నేటికీ అట్లాగే ఉంది.

హూస్టన్ బట్టల కొట్టు

అయితే కడుపులోని పెద్ద ధమని మూసుకుపోతే? తీసి వాడుకోవడానికి అంత లావు సిర ఒంట్లో దొరకదు. శవాల ధమనులు వాడి చూశారు, కొన్నాళ్లకు అవి చెడిపోయేవి. న్యూయార్క్‌లో ఆర్థర్ వూర్హీస్ ఒక కుక్క గుండెలో మిగిలిపోయిన పట్టు కుట్టు మీద శరీరం నున్నటి పొర కప్పుకోవడం గమనించాడు. దారాన్ని శరీరం తనలో కలుపుకుంటే బట్టనూ కలుపుకుంటుంది కదా అని వినియాన్ అనే గుడ్డతో గొట్టం కుట్టాడు.

హూస్టన్‌లో మైకేల్ డీబేకీ అదే బాట పట్టాడు. లెబనాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం, కుట్టు నేర్పింది తల్లి. 1950ల మొదట్లో ఆయన ఫోలీస్ అనే బట్టల కొట్టుకు వెళ్లి నైలాన్ గుడ్డ అడిగాడు. నైలాన్ అయిపోయింది, కొత్తగా డాక్రాన్ వచ్చింది, అది చూడమన్నారు. పట్టుకుని చూశాడు, బాగుందనిపించింది. ఇంటికి తెచ్చి భార్య కుట్టు మిషన్ మీద గొట్టంగా కుట్టాడు. 1954లో దాన్ని మొదటిసారి మనిషికి వాడాడు. తర్వాత ఫిలడెల్ఫియా టెక్స్‌టైల్ కాలేజీకి చెందిన థామస్ ఎడ్‌మన్ కుట్టు అతుకు లేకుండా గొట్టాన్ని ఏకంగా అల్లే యంత్రం తయారుచేసి ఇచ్చాడు. రెండు కాళ్లకూ పోయేలా పైజామా ఆకారంలో కూడా అల్లారు.

డాక్రాన్ అంటే వేరే ఏదో కాదు, పాలిస్టర్. 1941లో ఇంగ్లండ్‌లో పుట్టి, మన పెద్దలు పెళ్లి చొక్కాగా కుట్టించుకుని మురిసిన టెరిలిన్. ఇవాళ సూరత్ పక్కన హజీరాలో తయారై, ఊళ్లోని లక్షల సాంచెల మీద చీరలవుతున్న పోగు. కంపెనీల పేర్లు వేరు, శుద్ధి వేరు, సరుకు మాత్రం అదే.

సాంచెల మనిషి రాత్రంతా తిరిగేది ఆ పోగు మధ్యనే.

“కాలు తీస్తరా సాబ్?”

ఒకరోజు అతని భార్య ఊరుకోలేదు. బొటనవేలి పక్కన చెప్పు కొరికిన పుండు మూడు నెలలైనా మానకపోతే, డ్యూటీ ఎగ్గొట్టించి ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టర్ గజ్జల్లో వేళ్లు పెట్టి చూశాడు. రెండువైపులా నాడి లేదు. చీలమండ లెక్క 0.4 దగ్గర ఆగింది. సీటీలో బొడ్డు కింద రెండు పాయలూ చాలా మేర మూసుకుపోయి కనిపించాయి.

“కాలు తీస్తరా సాబ్?” అడిగింది ఆమె.

“ఇంకా ఆ అవసరం రాలేదమ్మా.”

ఆయన చెప్పింది మన మాటల్లో ఇది. అడ్డు పొట్టిదైతే బెలూన్, స్టెంట్. గజ్జలో ఉంటే కోసి ఒలవడం. తొడ నుంచి మోకాలి కిందికి పొడుగ్గా ఉంటే సొంత సిరతో బైపాస్. అక్కడ బట్ట గొట్టం సన్నబడి తొందరగా మూసుకుపోతుంది, సిరే మేలు. కడుపులోనే ఉంటే పాలిస్టర్ పైజామా. కడుపు కోతను గుండె తట్టుకోదనుకుంటే చంక దగ్గరి ధమని నుంచి చర్మం కిందుగా గజ్జ దాకా గొట్టం వేస్తారు. గుండెలో పుట్టిన గడ్డ ఎగిరొచ్చి కాలు ఒక్కసారిగా చల్లబడి తెల్లబడితే అది వేరే ఆపద. అందులో గంటలే లెక్క. ఆరు గంటల్లోగా చేరితే కాలు దక్కే ఆశ ఎక్కువ. 1960ల మొదట్లో థామస్ ఫోగర్టీ గొట్టం కొసకు చేతి తొడుగు వేలిముక్కను చేపల గాలానికి ఈకలు కట్టే ముళ్లతో కట్టి చేసిన బెలూన్‌తోనే ఇప్పటికీ ఆ గడ్డను లాగేస్తారు.

బెలూనా, బైపాసా అన్న తగవు ఇంకా పూర్తిగా తెగలేదు. కాలు పోయే దశలో ఉన్న 1,830 మందితో చేసి 2022లో ప్రకటించిన బెస్ట్-సీఎల్ఐ అధ్యయనంలో, మంచి సిర ఉన్నవాళ్లకు బైపాస్ మేలని తేలింది. కాలికి పెద్ద ఆపదో మరణమో ఎదురైనవాళ్లు బైపాస్ వైపు 42.6 శాతం, బెలూన్ వైపు 57.4 శాతం. మరుసటి ఏడాది, ప్రధానంగా బ్రిటన్‌లో మోకాలి కింది అడ్డులున్న 345 మందితో చేసిన బేసిల్-2 దానికి ఎదురు చెప్పింది. కాలు పోవడమో ప్రాణం పోవడమో జరిగినవాళ్లు బైపాస్ వైపు 63 శాతం, బెలూన్ వైపు 53 శాతం. అడ్డు ఎక్కడుంది, సిర ఎట్లా ఉంది, గుండె ఎంత తట్టుకుంటుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే డాక్టర్ చెయ్యి కదలాలని ఈ రెండిటినీ కలిపి చదివితే తెలుస్తుంది.

బైపాస్‌కు చాలావరకు అందని జబ్బు ఒకటుంది. 1908లో న్యూయార్క్ డాక్టర్ లియో బర్గర్ వివరించిన ఆ జబ్బు ఎక్కువగా నలభై అయిదు లోపు, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లను పట్టుకుంటుంది. మూసుకుపోయేవి ఎక్కువగా చేతులు, కాళ్లలోని సన్న నాళాలు కనుక కుట్టడానికి అవతలి ఒడ్డే దొరకదు. నరాలు కత్తిరించడం, కడుపులోని కొవ్వు పొరను కాలిదాకా దించడం లాంటివి చేస్తారు. కానీ గట్టి మందు ఒకటే, పొగ పూర్తిగా మానడం. ఒక్క బీడీ కూడా లెక్కలోకి వస్తుంది.

“నీది అది కాదు. అయినా బీడీ మానకపోతే నేను వేసే గొట్టం కూడా మూసుకుపోతుంది” అన్నాడు డాక్టర్. గుండె పరీక్షలు చేయాలన్నాడు. కడుపు కోసే ఆపరేషన్‌లో ప్రాణాపాయం కొంత ఉంటుందనీ, బట్టకు చీము పడితే కష్టమనీ దాచకుండా చెప్పాడు. జీవితాంతం ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవాలి. గాయం మానాక రోజూ నడవాలి. నొప్పి వస్తే ఆగాలి, తగ్గితే మళ్లీ నడవాలి. ఆయుష్మాన్ కార్డు ఊళ్లో తీసిందైనా, ఆ పథకంలో చేరిన ఆస్పత్రిలో ఇక్కడా చెల్లుతుందని ఆమెకు చెప్పి, బల్ల సొరుగులోంచి నమూనా గొట్టం ముక్క ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు.

అతను దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు. దీపానికి ఎత్తి చూశాడు. కొస దగ్గర గోటితో ఒక పోగు లేపాడు. గదిలో అందాకా తలదించుకున్న మనిషి అతను.

“ఇది నేసింది గాదు సాబ్. పడుగూ లేదు, పేకా లేదు. బనీను లెక్క అల్లిన్రు.”

డాక్టర్ తల ఎత్తాడు. “నేసినవీ ఉంటాయి. ఇది అల్లినదే.”

“పోగు మాదే. పాలిస్టర్. మరి నెత్తురు కారదా? అల్లికల సందులుంటయ్ గద.”

“కారేది. వెనకటి డాక్టర్లు ముందు రోగి నెత్తురులోనే నానబెట్టి, గడ్డకట్టాక కుట్టేవాళ్లు. ఇప్పుడు కంపెనీలోనే జెలటిన్ పూసి పంపుతారు.”

“గంజి పెట్టినట్టు” అన్నాడతను భార్య వైపు తిరిగి. “ఈ మడతలెందుకు సాబ్, అద్దకానికా?”

“కాలు మడిచినా, కూర్చున్నా గొట్టం నలిగి మూసుకోకుండా.”

అతను ఆ ముక్కను ఒకసారి వంచి చూశాడు. మూసుకోలేదు. తలాడించాడు. సరుకు పాసైనట్టు.

“మీటర్ ఎంత పడతది సాబ్?”

డాక్టర్ నవ్వి ధర చెప్పాడు. అతను ఆ ముక్కను రెండు చేతులతో మెల్లగా బల్ల మీద పెట్టాడు. జేబులోంచి బీడీ కట్ట తీసి దాని పక్కన పెట్టాడు.